తలా కాస్త

నా బండి షెడ్డులో పడుకున్న రోజు
ఎనిమిదేళ్ళలో మొదటిసారి
వెనక సీటెక్కాను.

న్యాబుగోగో బస్టాండు దగ్గర
సిలాస్ తన రెండో హెల్మెట్ చేతిలో పెట్టాడు,
మేమంతా ఇచ్చినట్టే,
మొహం చూడకుండా.
కిగాలీలో మోటో తోలేవాడికి రెండు తలలుండాలి:
ఒకటి సొంతం,
ఒకటి ఎవరిదైనా.

పెట్టుకున్నాను.
గంటలో నాలుక అయింది నా తల.
కిమిహురురా దిగుడులో బ్రేకు కొడితే
కళ్ళ మీదికి జారింది.
ఎక్కుడులో వెనక్కి వాలి
గడ్డం కింది పట్టీతో గొంతు పట్టుకుంది.
మలుపు దగ్గర నేను తిరిగాను,
అది తిరగలేదు.
సగం అద్దం, సగం చీకటి.
ఎవరో అమ్మాయి జడలకు రాసుకున్న నూనె,
ఎవరో ముసలాయన పొగాకు,
పొద్దుటి వాన.

నేను చెప్పకుండానే
ఎడం చెయ్యి లేచి
నెత్తిని అదిమి పట్టుకుంది.

అప్పుడు వెలిగింది నాకు.

ఎనిమిదేళ్ళుగా నా అద్దంలో అవే చేతులు.
బ్యాంకులో పనిచేసే పిల్లది,
కిమిరోంకో సంతకి చేపలు మోసుకెళ్ళే ఆవిడది,
పెళ్ళికి ఆలస్యమైన పెళ్ళికొడుకుది,
అందరిదీ నెత్తిమీదే.
నేనేమో
అప్పుల బాధ అనుకున్నాను,
ఆస్పత్రి బెంగ అనుకున్నాను,
పాపం, ఈ ఊళ్ళో అందరికీ తలనొప్పే అనుకున్నాను.
ఒకామెతో అన్నాను కూడా,
అంతా సర్దుకుంటుందమ్మా అని.
ఏది? అంది.

డబ్బులిస్తే సిలాస్ తీసుకోలేదు.
హెల్మెట్ గురించి నేనూ ఏమీ అనలేదు.
ఏ మొహం పెట్టుకుని అనను?

రాత్రి దీపం కింద
నా రెండో తలని ఒళ్ళో బోర్లించుకుని
లోపలి మెత్తని బొటనవేలితో నొక్కాను.
గుంట పడింది.
వేలు తీశాక కూడా గుంట గుంటలాగే ఉంది.

వెస్తిన్ కుట్టుమిషను ఆపి చూసింది.
కిటెంగె ముక్కలున్నాయి, దిండులా కుట్టి పెడతానంది.
దాదాపు సరే అన్నాను,
కొత్తదంటే ఎన్ని రోజుల పెట్రోలో లెక్కేసుకుంటూ.
తనే ఎత్తి తలకి పెట్టుకుంది.
గట్టిగా తలాడించింది.
లోపల తను వద్దంటోంది,
పైన అది
గోడవైపు చూస్తూ కూర్చుంది.

ఎవరు పాడుచేశారని అడిగితే
ఎవరి పేరు చెప్పను?
కొట్టినవాళ్ళు లేరు, విరిచినవాళ్ళు లేరు.
ఎక్కారు, పెట్టుకున్నారు, దిగారు,
తలా కాస్త తీసుకుపోయారు.
రాత్రి డ్యూటీ దిగిన నర్సు ఒకామె
రెమెరా నుంచి కిచుకిరో దాకా
నా వీపుకి నుదురానించి నిద్రపోయింది.
లేపబుద్ధి కాక
ఒక కొండ ఎక్కువ తిప్పాను.
ఆ హెల్మెట్ ముందు భాగంలో
ఆమె నిద్రంత లోతు తక్కువే ఉంటుంది.

పాతదాన్ని పారేయలేదు.
పెరట్లో పెట్టి సుత్తితో పగలగొట్టాను,
ఎవరైనా ఏరుకుని పెట్టుకుంటారేమోనని.
మూడు దెబ్బలకి గానీ పగల్లేదు,
పైపెంకు ఇంకా గట్టిదే.

కొత్తదాన్ని అమ్మినవాడు
నా రెండు బుగ్గలూ పైకి తన్నుకొచ్చేలా తొడిగి
ముందుదాన్ని పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.
నీ చర్మం కూడా దాంతో కదలాలి, అన్నాడు.
నోట్లో చిలగడదుంప కుక్కుకున్నట్టు
అవునన్నాను.

సోమవారం మొదటి బేరం
పుస్తకాల సంచీతో ఒక పంతులమ్మ.
నొక్కుతోంది, అంది.
నొక్కాలండీ, అన్నాను.
ఇంకేదో చెప్పబోయి ఊరుకున్నాను.

దిగుడు మొదలయ్యాక అద్దంలోకి చూశాను.
ఆమె చెయ్యి అలవాటుకొద్దీ లేచింది,
సగం దాకా వచ్చింది,
అక్కడ పని లేక
కాసేపు గాల్లో ఆగింది.