చేదుకట్టు

సంగం సెంటర్లో ఆదివారం ఆరింటికే
ఖాదర్‌వలీ పొట్టేలు పొట్ట కోసి
ముందుగా వెతికేది చేదుకట్టు.
వేలెడంత పచ్చసంచి.
"ఇది చిట్లిందంటే కార్జమంతా పారేయాల్సిందే టీచరమ్మా"
అంటూ చంటిబిడ్డ బొడ్డు కోసినంత నెమ్మదిగా
తప్పించేవాడు.

ఎనిమిదో తరగతికి నేను చెప్పేదీ ఆ పసరు గురించే:
కాలేయంలో ఊరుతుంది, కొవ్వును చుక్కచుక్కలుగా విడగొడుతుంది,
సబ్బు నురగకు గిన్నె జిడ్డు వదిలినట్టు.
దాపునే పడుకున్న క్లోమం మాత్రం
కొట్టులో ఎవరికీ పట్టదు.
"తెల్లకండ" అని కుక్కకు విసిరేవాడు.

మొన్న కత్తి పక్కన పెట్టి అడిగాడు:
"మా షంషాదు నెల్లూరాసుపత్రిలో ఉండాది.
చేదుకట్టులో రాయంట, జారిందంట,
ఇంకేందో వాచిందంట.
ఆ వాచింది యాడుంటాది?"

బోర్డు లేదు, సుద్దముక్క లేదు.
ఆనకట్ట వైపు చెయ్యి చూపించాను.
బీరాపేరు పెన్నలో కలిసే చోటు చూశావు కదా,
పసరూ క్లోమరసమూ అట్లానే కలిసి
ఒకే తూము గుండా పేగులోకి దిగుతాయి.
తూముకు రాయి అడ్డం పడిందనుకో,
అన్నాన్ని అరిగించాల్సిన నీళ్ళు
వెనక్కి తన్ని
సొంత గట్టునే తింటాయి.

బదులు పలకలేదు.
పొట్టేలు కడుపులో చెయ్యి పెట్టి
పేగు వంపులోంచి, లేతగా, నాలుకలా ఉన్నదాన్ని
తీసి అరచేతిలో పట్టుకున్నాడు.
"ఇదేనా?"

కుక్క లేచి నిలబడింది.

నా అరకిలో తూచడం మరిచి
దాని మీది ఈగల్ని తోలుతూ ఉన్నాడు.