పాకం ఎప్పుడు దిగాలి

ఫారంలో మొదటి గడి: ప్రత్యేక సమావేశం శీర్షిక.
పదకొండేళ్లుగా ఇతరుల శీర్షికలు టైపు చేసిన వేళ్లు
సొంతదానికొచ్చేసరికి
స్పేస్‌బార్ మీదే కూలబడినాయి.

బయట తిరుపతి ఎండ.
విశ్వవిద్యాలయం గేటు ముందు
కొండ కొండ అని కండక్టరు కేకలు.
ప్రతిపాదనలకు శుక్రవారం సాయంత్రం ఐదే గడువని
నోటీసు బోర్డు మీద హేమాద్రి గారి సంతకం.

నాలుగున్నరకు రాసినాను:
పాకం ఎప్పుడు దిగాలి, తెలిసినవాళ్ల మాట.
అధ్యక్షత: పి. కుప్పమ్మ, గానుగ పని, పెనుమూరు పక్కన.
విద్యార్హతల గడిలో
ముప్పైనాలుగు చెరుకు కాలాలు అని నింపినాను.

ఉత్తినే కాదు. చూసినాను నేను.
పెనంలో రసం పొర్లి పొర్లి
తెట్టంతా పక్కకు పోయి
బుడగలు జొన్నగింజలంత అయ్యేటప్పుడు
మేమంతా ఫోన్లలో టైము చూస్తాంటే
ఆమె తల వాల్చి చెవి పెట్టింది.
"చప్పుడు మారింది. మంట లాగు."
చెంబునీళ్లలో ఒక బొట్టు,
రెండు వేళ్ల నడుమ ఒక నలుపు.
ఉండ కడితే దించడమే,
కట్టకపోతే ఇంకో చేటెడు పిప్పి పొయ్యిలోకి.
ఆ రెండు వేళ్లకు నేను ఫుట్‌నోట్ ఎట్లా రాయాలి?

పరికరాలు: ప్రొజెక్టరు వద్దు,
ఎండిన చెరుకుపిప్పి రెండు బండ్లు.
వేదిక: గానుగ దగ్గరే. ఒక బస్సు చాలు.
వ్యవధి: పత్రానికి పదిహేను, ప్రశ్నలకు ఐదు నిమిషాలన్నారు మీరు.
పాకాన్ని అడిగి చెబుతాను.

పదిరోజులకు జవాబొచ్చింది.
వినూత్నమన్నారు, అభినందించినారు.
డాక్టరేటు లేనివారు అధ్యక్షత వహించరాదు గనక
కుప్పమ్మను ప్రదర్శకురాలిగా మార్చినారు.
సమావేశాన్ని సాంస్కృతిక కార్యక్రమాల కిందికి జరిపినారు:
భోజనాలకూ గ్రూపు ఫోటోకూ మధ్య నలభై నిమిషాలు,
ఆడిటోరియం వెనక, గ్యాసు స్టవ్వు మీద,
అగ్నిమాపక నిబంధనలకు లోబడి.
జూలై పన్నెండు.

ఆ కాగితం పట్టుకొని పెనుమూరు పోయినాను.
చదివి వినిపించినాను,
ప్రదర్శకురాలు అనే మాట మాత్రం మింగేసి.
జూలై అంటే ఏ నెల అనడిగింది.
ఆషాఢం అన్నాను.
నవ్వింది. అచ్చులు కడుగుతున్న కోడలూ నవ్వింది.

"ఆషాడంలో చెరుకు యాడుంటాది నాయనా?
మోకాలెత్తు పైరుంటాది.
పొయ్యిలో బూడిదెత్తి, పెనం బోర్లిచ్చేస్తాము,
దాని కింద కోడి పొదుగుతాంటాది.
అంతమంది సదువుకున్నోళ్లు కూసోని తేదీ పెట్నారే,
చెరుకును అడగను ఒక్క మనిషి లేకపాయనా?"

కోపంగా అనలేదు.
నిజంగానే తెలుసుకుందామని అడిగింది.
నా దగ్గర జవాబు లేదు.
ప్రశ్నలకు ఐదు నిమిషాలూ అట్లనే గడిచిపోయినాయి.

లేస్తాంటే ఆగమని
అప్పుడే దింపిన ముద్ద ఒకటి,
చేతికందిన కాగితంలో చుట్టి ఇచ్చింది.
ఆ కాగితమే.

బస్సు పాకాల దాటినా
తొడ మీద వేడి తగ్గలేదు.
విప్పి చూస్తే ముద్రలూ సంతకాలూ బాగానే ఉండాయి,
జూలై పన్నెండు ఉన్నచోట మాత్రం బెల్లం కరుచుకొనుంది.
గోటితో గీకి నోట్లో వేసుకున్నాను.
కొంచెం కాగితం కూడా వచ్చింది.