ఇరవై మూడు ఏ

మా రూముల కొత్తగ దిగిన పోరడు, దూస నవకాంత్,
నా ఫోన్ల ఒకటి ఎక్కించిచ్చిండు.
"పెద్దన్నా, నువ్వు ఎక్కిన విమానాలన్ని ఇండ్ల రాసుకో,
మ్యాపు మీద గీతలు గీసి చూపిస్తది."

గీతలు నాకు కొత్తనా?
ముహర్రక్ గల్లీల ఇస్త్రీ బల్ల కాడ పదమూడేండ్లు
తోబుల మీద మడత గీతలు కొట్టినోన్ని.
నెత్తి మీదికెల్లి విమానం పోతే
బల్ల మీది గిన్నెల నీళ్లు వణుకుతయ్.
తలెత్తి చూసుడు రెండో ఏడే మానేసిన.

శుక్రవారం, కుక్కర్ల బియ్యం పెట్టి కూసున్న.
తారీఖు అడిగింది.
రబ్బరు బ్యాండు ఏసిన మూడు పాసుపోర్టులు తీసిన,
ముద్రలు కొన్ని మసక, కొన్ని తలకిందులు.
విమానం నంబరు అడిగింది.
పాత బోర్డింగ్ పాసులు బిస్కెట్ డబ్బల దాసిన,
అచ్చు ఎలిసిపోయి తెల్లగున్నయ్.
వేడి తగిలితే అక్షరం తేలుతదేమో అని
ఒకదానికి ఇస్త్రీ పెట్టె ఆనిచ్చిన.
కాయితం కాయితమంత బొగ్గు లెక్క నల్లబడ్డది.
నవకాంత్ పడి పడి నవ్విండు.
నేను గూడ నవ్విన.

సీటు: నడుమ, నడుమ, యాదికి లేదు, నడుమ.
ఎందుకు పోయినవ్ అని గూడ అడుగుతది:
వ్యాపారం, విహారం, సిబ్బంది, ఇతరం.
ఒకసారి పంటి నొప్పికి పోయిన,
ఇక్కడి డాక్టరు చెప్పిన పైసలల్ల సగానికే టికెట్ వచ్చింది.
అది విహారమా?
ఇతరం నొక్కిన. అన్నిటికీ అదే నొక్కిన.

పదకొండు.
మొదటిది బొంబయి నుంచి, దాని గీత వేరే.
తక్కిన పది, పోయినయ్ వచ్చినయ్,
ఒకదాని మీద ఒకటి పడి ఒకటే గీత.
సాంచె మీద నాడె ఇటు అటు ఉరికితే
సాయంత్రానికి బట్టన్న మిగులుతుండె.
ఇక్కడ ఇంత సముద్రం మీద
ఒక్క పోగు.

గాలిల నలభై నాలుగు గంటలట.
భూమి చుట్టు ముప్పావు తిరిగినవ్ అని మెచ్చుకున్నది.
పదమూడేండ్లల్ల గా నలభై నాలుగు గంటలే
కఫీలుకు జవాబియ్యక, ఇంటికి జవాబియ్యక
బెల్టు పెట్టుకొని ఊకె కూసున్న.

ఇంకొకటున్నది.
ఇరవై మూడు ఏ. కిటికీ పక్క.
ఎన్నడు లేంది మూడు దినార్లు ఎక్కువ పెట్టి కొన్న.
సిరిసిల్లల నా రెండు సాంచెలు
తుక్కు కింద తూకమేసే దినం.
కొనెటోడు కాటా పెడ్తుంటె పక్కన నిలవడాలె అనుకున్న, గంతే.
పాసుపోర్టు కఫీలు బీరువల, తాళం ఆయన జేబుల,
ఆయన వంతెన దాటి ఖోబర్ల.
రాత్రి పదింటికి నెత్తి మీదికెల్లి పోయింది.
ఆ ఒక్క దినం తలెత్తి చూసిన.
గిన్నెల నీళ్లు వణికి, ఆగినయ్.

దాని నంబరు ముద్రతోని పని లేకుండ నోటికున్నది.
రాసిన.
ఎక్కినవా అని అడగలే.
తాళం ఎవల తాన ఉన్నదని అడగలే.
సీటు? కిటికీ.
ఎందుకు? ఇక్కడ జర ఆగిన.
ఇతరం.

కొత్త గీత పడలే, పాత పోగు మీదనే పడ్డది.
అంకె మాత్రం మారింది: పన్నెండు.
నిన్నటిదాక బేసి.
బేసి ఉన్నన్ని దినాలు మనిషి ఇక్కడ ఉన్నట్టు.
ఇప్పుడు సరి.
దీని లెక్కల నేను ఇంటికాడ ఉన్న.

కుక్కర్ కూత పెట్టింది.
"తుడిపెయ్యాల్నా పెద్దన్నా, తప్పు పడ్డదా?" అన్నడు నవకాంత్.
ఉండనియ్యి అన్న.
రేపటికి నలభై తోబులున్నయ్,
రెండిటికి కాలరు కాడ మరక.