నడిమి కుట్టు

మా మగ్గం వెడల్పు గజం మీద జానెడు.
డబల్ కాట్ దుప్పటి కావాలంటే
రెండు ముక్కలు నేసి
నడిమధ్య కుట్టెయ్యాల్సిందే.

నూరో నంబరు నూలు. ఊపిరి తగిలితే తెగుతుంది.
అమలాపురంలో కొత్తగా కట్టిన లాడ్జీకి
నలభై దుప్పట్లు, తెల్లవి, మచ్చ పడకూడదని
పాలకొల్లు షావుకారు మరీ మరీ చెప్పి వెళ్ళాడు.
ముప్పై తొమ్మిది అయ్యాయి.
నలభయ్యోదానికి మొదటి ముక్క
మా ముక్తేశం కోసి మడత పెట్టిన రోజే
కౌశిక పొంగింది.

మగ్గం గుంటలోకి నీళ్ళు
చుట్టపు చూపుగా వచ్చి నాలుగు రోజులున్నాయి.
మిగిలిన పడుగుని చాపలో చుట్టి దూలానికి కట్టాం.
దాని పక్కనే బుట్టలో రెండు కోళ్ళు.

నీరు తీశాక గుంటలో బురద తోడుతుంటే
మేకు గుచ్చుకుని
ఆయన కాలు గుమ్మడికాయంత అయింది.
గడువు మాత్రం గోరంత కూడా పెరగలేదు.

అప్పుడు దిగాను నేను.
పదకొండేళ్ళుగా కండెలు చుట్టిన చేతులే,
గంజి పట్టించిన చేతులే,
తెగిన పోగు అతికిన చేతులే,
నాడె మాత్రం నన్నెరగదు.
తొలిరోజు రెండుసార్లు పడుగులోంచి దూకి
తడి మట్టిలో పడింది.
మంచం మీంచి ఆయన
చప్పుడు విని చెప్పేవాడు:
"పలక గట్టిగా కొట్టు, మాణిక్యం."
కొట్టాననే అనుకున్నాను.

షావుకారు వచ్చాడు.
దుప్పటి వైపు చూడనైనా చూడలేదు.
ఈ అంచు నించి ఆ అంచుకి
అరచేయి పాకించాడంతే.
కుట్టు దాటగానే ఆగింది చెయ్యి.
"ఇక్కడిదాకా ఒక మనిషి.
ఇక్కణ్ణించి ఇంకో మనిషి."
ముప్పై తొమ్మిదికే డబ్బులిచ్చాడు.

మా ఇంట్లో పుట్టిన దుప్పటి
మా ఇంట్లోనే ఉండిపోవడం అదే మొదలు.
అంతవరకూ తాటాకు చాప,
దాని మీద నా పాత చీర.

పరిచిన రాత్రి
గోడ వైపు ఆయన, ఆయన నేసిన ముక్క మీద.
నాదాని మీద నేను.
నడుమ కుట్టు, పొలం గట్టులా.
నిద్ర పట్టక నా నేత తడిమి చూసుకున్నాను.
అంగుళానికి ఎనిమిది పోగులైనా తక్కువుంటాయి.
సిగ్గేసింది.
చీకట్లో ఎవరు చూడొచ్చారు గనక?

తెల్లారి చూస్తే
కట్టు కట్టిన కాలితో సహా గట్టు దాటొచ్చేసి
నన్ను వట్టి నేల మీదికి నెట్టేసి పడుకున్నాడు.
"నీ జాగాలోకి నువ్వెళ్ళు" అని కుదిపాను.
కళ్ళు తెరవకుండానే అన్నాడు:
"నా వైపు ఉక్కపోస్తందే.
నీ వైపు గాలాడతంది."