పాదాల లెక్క

గుంతకల్లులో పద్దెనిమిది వందలకు వాటా అంటేనే
అనుమానం రావాల్సింది.
"లోపల ఒకామె ఉంటాది, ఏమనదులే"
బీగం నా చేతిలో పెట్టి
గుమ్మం దాటలేదు ఓనరు హుసేనప్ప.

నారెమ్మ. చచ్చి నలభై ఏండ్లంట.
పాదాలు వెనక్కి.
కడిగిన గచ్చు మీద అడుగులు లోపలికి పోతే
ఆమె బయటికి పోయినట్టు లెక్క.
అది తెలీక మూడుసార్లు గొళ్ళెం పెట్టినా,
తెల్లార్లూ అరుగు మీదే కూచునింది.
"గోడలోంచి రావచ్చు కదమ్మా?"
"సున్నం చీరకంటుతాది."

మా వీధికి ట్యాంకరు రాత్రి రెండుకొస్తాది.
ఆమె బిందె పట్టుకుంటే
లైను దానంతటదే ఖాళీ.
వారం తిరక్కముందే
"మాది గూడా పట్టు నారెమ్మక్కా" అని
మా గడపలో పదకొండు బిందెలు.

హుసేనప్పకు ఏం కడుపుమంటో,
నిమ్మకాయలిచ్చి ఒక స్వామిని తోలినాడు.
ఎండకు వాడిపోయినాడు పాపం.
ఆ కాయలే పిండి, చక్కెరేసి
గ్లాసు అందించిందామె.
ఇంగొకటి అడిగి తాగినాడు.

ఒకటో తారీకు బాడిగ పెరిగింది.
ఇద్దరుంటాన్నారు గదా, అన్నాడు.
ఖాళీ చేస్తా పో, అన్నా కోపంలో.
తిరిగి చూస్తే
నారెమ్మ కాలివేళ్ళు నా వైపే ఉన్నాయి.
కొప్పు గూడా.