ఏ మందు కలపాలి

స్నానాలగది కిటికీకి నల్ల దుప్పటి మేకులు కొట్టి
బకెట్టు బోర్లించి కూర్చున్నాను.
గుణుపురంలో మే నెల. రాత్రి పదకొండయినా
కుళాయి నీళ్ళు ముప్పై మూడు డిగ్రీలు.
పుస్తకం ఇరవై అంటుంది.
రాసినవాడు వంశధార ఒడ్డున ఒక్క వేసవి ఉండి చూడాలి.

గట్టు మీద మూడు మందులు.
మందు అనే మాటకే మా వదిన నవ్వుతుంది,
"మూడూ కలిపి తాగీకు మరిదీ" అని.

మొదటిది పొడి. విశాఖ నుంచి బస్సులో వచ్చింది,
పొట్లం మూల కాస్త గడ్డకట్టింది.
సింహాద్రి పాత్రో గారు స్టూడియోలో నలభై ఏళ్ళు ఇదే కలిపేవారు.
మెత్తటి రేణువు, మర్యాదస్తుల బూడిదరంగు,
పెళ్ళివారితో తగువు రానివ్వని మందు.

రెండోది చిన్న సీసా, పానకంలా నల్లబడింది.
ఎన్నేళ్ళు మూలపడినా చావదట.
రేణువు మాత్రం
జల్లించని చోడిపిండిలా తేలుతుంది.

మూడోది నేను వండింది:
కొరాపుట్ కొండ కాఫీ చిక్కటి డికాషను, చాకలిసోడా,
జలుబుకి చప్పరించే పుల్లమాత్రలు పదహారు.
తడిసిన గొంగళిని ఉడకబెట్టిన వాసన.

రీల్లో ముప్పై ఆరు.
ముప్పై అయిదు ఎలా పోయినా ఫర్లేదు:
రైలుగేటు దగ్గర మేకలు, మిల్లు పొగ,
మా అన్న బండి, రెండుసార్లు నా బొటనవేలు.
ఇరవై మూడో ఫ్రేములో గురుబారి ఉంది.

సంతలో అడ్డాకుల కట్టల వెనక
గోనె పందిరి నీడలో కూర్చుని ఉంది.
నుదుటి నుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా పచ్చబొట్టు,
నల్లటి ఒంటి మీద నీలం గీత.
తియ్యనా అంటే చాలాసేపు లెక్క కట్టి
సగం సవర, పావు ఒడియా, మిగతాది నాకోసం తెలుగు చేసి అంది:
"తియ్యి. తెల్లగ సెయ్యకు.
పాత్రోబాబు తెల్లగ సేసేడు.
ఇంటికెల్తే మా అయ్య, ఇదెవులు అన్నాడు."

పాత్రో గారి పెన్సిలు నాకు తెలుసు.
ఆయన దగ్గర మూడేళ్ళు ట్రేలు కడిగాను.
నెగటివ్ మీద పెళ్ళికూతుళ్ళ బుగ్గలు సన్నగా దిద్ది
రెండు ఛాయలు పైకెత్తేవారు, పైసా ఎక్కువ పుచ్చుకోకుండా.
దయ అనుకునేవారు. నేనూ అనుకున్నాను.

ఇప్పుడు ఏ మందు ఆ గీతని చర్మం నుంచి విడదీస్తుంది?
కాఫీ కాదు, అది ఫిల్మంతా మంచు పరుస్తుంది.
సీసా కాదు, ఆమె చెంప మీద లేని మచ్చలు పెడుతుంది.
నిజానికి ఏ మందుదీ కాదు ఆ పని.
గోనె పందిరి కింద షట్టరు ఎంతసేపు తెరిచానో
అంత నీడే ఇంటికి వచ్చింది.
వెలుగు రాయని అక్షరాన్ని ఏ మందూ చదవలేదు.
మందు చేతిలో ఉన్నది తెలుపొక్కటే,
దాన్ని ఎక్కడ ఆపాలన్నదే.

అందుకే పొడి. పాత్రో గారి పొడే.
కాని సగానికి సగం నీళ్ళు పోసి,
చేపల దుకాణం ఐసు సంచిలో కట్టి ముంచి
ఇరవై నాలుక్కి దింపితే అక్కడ మొండికేసింది. సరే.
ఊపడం తగ్గించాను,
నిమిషానికోసారి, నిద్రపోయే పిల్లని ఒత్తిగిలబెట్టినట్టు.
నాలుగో నిమిషంలో కరెంటు పోయింది.
గడియారం కనిపించక నోటితో లెక్కపెట్టాను,
ఎక, దుయి, తిని...
బళ్ళో నేర్చుకున్న అంకెలు అవే మరి.

తాడు మీద వదిన జాకెట్ల పక్కన
నీళ్ళోడుతూ రీలు.
టార్చి పెట్టి ఇరవై మూడు వెతికాను.
తెల్లటి ముఖం. తెల్లటి జుట్టు. నల్లటి పళ్ళు.
కోప్పడకు గురుబారీ,
కాగితం ఇంకా రాలేదు, బరంపురం నుంచి రావాలి.

కిటికీ దుప్పటి ఊడదీసి రీలు వెనక పట్టుకుని
టార్చి పక్కకి వంచాను.
ఒకే ఒక్క వాలులో, ఊపిరి బిగబట్టినంతసేపు,
ముఖం తిరగబడి తన రంగుకి వచ్చింది.
గీత ఉందా?
ఉన్నట్టే ఉంది.
ఇంతలో గాలి వీచి రీలు కదిలింది.