వేలు బయట

మొదటి పదైదు దినాలు తూటానే చూపీలేదు మాకు.
ఖాళీ తుపాకీ, ఖాళీ మైదానం.
కడప ఎండ మాత్రం నిండుగా.

హవల్దారు చెన్నకేశవులు చేతులు ఎనక్కి కట్టుకోని
వరస పొడుగునా నడుస్తా వచ్చి
నా ముందర నిలబడినాడు.
"ఏం పాపా దస్తగిరమ్మా,
పట్టుకుంటాండవా, పిసుకుతాండవా?"

వరసంతా నవ్వింది.
నా పిడికిలి నేనే చూసుకున్నా.
మెటికలు సున్నం కొట్టినట్ల తెల్లగా ఉండాయి.
దాని తప్పేముంది,
పలుగు పట్టిన చెయ్యి.
ఎర్రగుంట్ల క్వారీలో, సెలవులన్నీ
నాయన పక్కన కూచోని
నల్లబండ పొరలు లేపిన చెయ్యి.
పలుగు వదులుగా పట్టినోళ్లకు
కాలివేళ్లు మిగలవు.

ఇది అట్ల కాదంట.
"బస్సులో నిలబడి
నిండు టీ గ్లాసు పట్టుకున్నావనుకో.
చెయ్యి కాలగూడదు, టీ ఒలకగూడదు.
ఎడమచెయ్యి కూలిది, కింద మోస్తాది.
కుడిచెయ్యి మేస్త్రీ,
ఊరికే దగ్గరకు లాక్కుంటాది."
మా క్వారీ మేస్త్రీ గుర్తొచ్చి
నవ్వు ఆపుకోలేక
ఇంకో రెండు చుట్లు పరిగెత్తినా మైదానం చుట్టూ.

కుందా ఎముక మీద కాదు.
ఎముక పక్కన, చంకకు పైన,
చిన్న గుంత ఉండాది సూడు, ఆడ.
ఇరవై రెండేండ్లు మోసుకోని తిరిగిన ఒంట్లో
అట్లాంటి చోటొకటి ఉందని ఆ పొద్దు తెలిసింది.
తుపాకీ పోయి దాంట్లో కుదురుకుంది,
కొలిచి చెక్కిన బండ మాదిరి.

నాయనకు గుంతలు వేరే చోట.
గొంతు కింద, అటొకటి ఇటొకటి.
గాలి పీల్చినప్పుడల్లా
ఇంకొంచెం లోతుకు పోతాయి.

"రెడీ!"
అంటే కాల్చమని కాదు.
కుందా గుంతలోనే,
మూతి నేలకు, నాలుగడుగుల ముందుకు,
కన్ను దాని పైనుంచి దూరానికి,
మోకాళ్లు కొంచెం సడలి.
"వేలు?"
"బయట సార్!"
"యాడ?"
"ట్రిగ్గర్ బయట, చాపి, సార్!"
అట్లే నిలబెట్టేవాడు.
చెమట ముక్కు కొసన వేలాడేది.
ఒక చీమ మణికట్టు మీద ఎక్కి
తీరిగ్గా అంతా చూసుకోని దిగిపోయింది.
ఎవురి వేలన్నా లోపలికి జారిందా,
బెత్తంతో ఒక్క తట్టు.
గట్టిగా కాదు. అయినా వారం గుర్తుంటాది.

అలవాటు బారక్కు దాకా వచ్చింది.
గరిటె పట్టుకుంటే వేలు బయట.
బకెట్ ఎత్తుకుంటే వేలు బయట.
పక్కమంచం లక్ష్మీనరసమ్మ పడీపడీ నవ్వింది:
"ముద్ద కలిపేటప్పుడన్నా లోపల పెట్టుకోమ్మే,
పప్పు కాలదులే!"

పదహారో దినం కొండ కిందికి పోయినాము.
అయిదు తూటాలు ఒక్కొక్కరికి.
అరచేతిలో చల్లగా ఉండాయి,
నేననుకున్నదాని కంటే చిన్నగా.

"ఊపిరి తీసుకో.
సగం వదులు. ఆపు.
ఆ ఆగినకాడ, మెల్లగా, వేలు."

ఆపడం నాకు రాలేదు.
ఆపితే భయం.
పాలిషింగ్ మిషన్ దుమ్ము
పద్దెనిమిదేండ్లు మింగినాడు నాయన.
ఆయనకు ఊపిరి ఆపమని ఎవురూ చెప్పబన్లేదు,
దానంతట అదే ఆగుతాది.
ఫోన్లో ఒక మాటకు, ఇంకో మాటకు నడుమ
ఖాళీ వస్తాది.
నేను గోడ పట్టుకోని కాసుకుంటా.
మళ్లీ "పాపా" అంటాడు.

ఆ ఖాళీ పొడుగెంతో నాకు తెలుసు.
దాంట్లోనే వేలు లోపల పెట్టినా.

మూడు బోర్డుకు తగిలినాయి.
రెండు కొండకు.
"మొదటిసారికి చాల్లే," అన్నాడు చెన్నకేశవులు,
కొండవైపు చూడకుండానే.

రాత్రి ఫోన్ చేస్తే నాయన అడిగినాడు,
"పలుగు కంటే... బరువా?"
"తక్కువే నాయనా. భుజమే నొస్తాంది."
"వేన్నీళ్ల కాపడం..."
ఆగినాడు.

నేను కాసుకున్నా.
ఫోన్ పట్టుకున్న చేతికి
చూపుడువేలు చాపే ఉండాది.